అన్నయ్యకి చెప్పిన మాట

ఆ ఏడు వానాకాలం మొదలు కాకముందే మా ఆఫీసువాళ్ళు నా గొంతుని ఊళ్ళ మీదికి వదిలారు.

నేను వ్యవసాయ విస్తరణ కార్యాలయంలో ఫోన్ల దగ్గర పనిచేస్తాను. రైతులు అడిగిన సందేహాన్ని సంబంధించిన అధికారికి చేర్చడం, ఆయన చెప్పిన జవాబు తిరిగి రైతుకి చెప్పడం నా పని. ఆ సంవత్సరం కంప్యూటర్ నుంచి వేలమందికి ఒకేసారి ఫోన్ వెళ్ళే ఏర్పాటు వచ్చింది. ఫోన్ ఎత్తగానే రికార్డు చేసిన మాట వినిపిస్తుంది. ఎప్పుడు విత్తాలి, ఏ ఎరువు వెయ్యాలి, ఏ పురుగుకి ఏ మందు, అన్నీ. ఎవరి గొంతు పెట్టాలా అని రెండు మీటింగులు పెట్టుకుని, చివరికి మా పెద్దసారు నన్ను పిలిచారు.

"నువ్వు మాట్లాడితే పక్కింటి పిల్ల మాట్లాడినట్టుంటుందమ్మా. రైతు భయపడడు," అన్నారు.

మా ఊళ్ళో మొదటిసారి ఆ ఫోన్ మోగిన రోజు పెద్ద తమాషా అయింది. నేను ఆఫీసు నుంచి వచ్చి బస్సు దిగగానే టీ కొట్టు దగ్గర ఒకాయన, "నువ్వు ఇక్కడున్నావా? ఇప్పుడే నా చేతిలో మాట్లాడి పెట్టేశావే," అని ఫోన్ చూపించాడు. అన్నయ్య అయితే పొంగిపోయాడు. నేను ఉండేది అన్నయ్య వదినల దగ్గరే. మేమిద్దరం పక్కపక్కన కూర్చుని ఉండగా కూడా ఫోన్ మోగితే, ఎత్తి చివరిదాకా వినేవాడు. "పక్కనే ఉందిగా, అడగొచ్చుగా," అని వదిన నవ్వితే, "ఇది ఇంట్లో చిట్టి. అది ఆఫీసు చిట్టి," అనేవాడు.

అందరికంటే ఎక్కువ మురిసిపోయింది టైలరమ్మ. మా చేను పక్కనే ఆవిడ చేను, మధ్యలో ఒక గట్టు. భర్త పోయాక పొద్దున పూట చేను, మిగతా వేళ కుట్టుమిషను, ఇదీ ఆవిడ జీవితం. మా ఇంటిల్లిపాది బట్టలూ ఆవిడే కుట్టేది. కొలత తీసుకునేది కాదు, మనిషిని ఒకసారి ఎగాదిగా చూసేది, అంతే. మేము పిన్నీ అని పిలుస్తాం, వదిన అత్తయ్యా అంటుంది. నిజానికి చుట్టరికం ఏమీ లేదు.

"నా చేతుల మీద పెరిగిన పిల్ల నాకే వానల గురించి చెబుతోంది," అని తన కుట్టుకొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ఎవరి మాటా అంత తేలిగ్గా నమ్మని మనిషి. నా మాట నమ్మింది.

మా ఆఫీసు గురించి కొంచెం చెప్పాలి. ఒకే భవనంలో మూడు విభాగాలు. కింద విత్తనాలవాళ్ళు, మధ్య అంతస్తులో మేము, పైన వాతావరణంవాళ్ళు. పై అంతస్తులో తేలిన విషయం కింది అంతస్తుకి రావాలంటే మెట్ల మీదుగా వచ్చేది కాదు. ముందు రాజధానిలో ఉన్న పెద్దాఫీసుకి వెళ్ళాలి, అక్కడ సంతకం అవ్వాలి, అప్పుడు మా కంప్యూటర్లోకి దిగాలి. మా పెద్దసారు ప్రతి మీటింగులోనూ సమన్వయం, సమన్వయం అనేవారు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకుని, చివర్లో ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

తొలకరి జల్లు బాగానే పడింది. భూమి విత్తడానికి సరిపడా తడిసి పదునెక్కింది. పెద్దాఫీసు నుంచి వచ్చిన మాట నేను మైకులో చదివాను: "రానున్న రోజుల్లో మంచి వానలు పడే అవకాశం ఉంది. మొక్కజొన్న రైతులు పదును చూసుకుని వెంటనే విత్తుకోవచ్చు." పొద్దున్నే ఊళ్ళన్నిటికీ వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం పై అంతస్తు నుంచి వాతావరణం మేడమ్ మెట్లు దిగి వచ్చింది. ఆవిడ కిందికి రావడమే అరుదు. చేతిలో కాగితాలేమీ లేవు. తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది, మాటలన్నీ నాకు వినబడుతున్నాయి.

"మబ్బు పక్కకి జరిగిపోయింది సార్. ఈ పదును నమ్ముకుని విత్తితే మొలకలు ఎండిపోతాయి. పెద్ద బెట్ట వచ్చేట్టుంది. ఆగమని చెప్పండి."

"పెద్దాఫీసుకి పంపించారా?"

"పంపించాను. అక్కడ ఎవరూ లేరు, అందరూ మీటింగులో ఉన్నారట."

సారు కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది. తర్వాత నెమ్మదిగా అన్నారు. "పొద్దున విత్తమని, మధ్యాహ్నం ఆగమంటే ఎవరు నమ్ముతారమ్మా? ఒకసారి ఎరువు విషయంలో ఇలాగే రెండు మాటలు చెప్పి నవ్వులపాలయ్యాం. రైతులు మళ్ళీ మన మాట వినేలా చెయ్యడానికి ఎంత తంటా పడ్డామో మీకు తెలీదు. పైనుంచి రానివ్వండి. రాగానే పంపిద్దాం."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. మేడమ్ వెనక్కి వెళుతూ నా బల్ల దగ్గర ఆగింది. "మీది పల్లెటూరే కదూ?" అంది. అవునన్నాను. మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. "మెసేజ్ విన్నానమ్మా, రేపు విత్తెయ్యమంటావా?" అని ఒకరి తర్వాత ఒకరు. ఒక్కొక్కరికీ అదే జవాబు చెప్పాను. "విత్తుకోవచ్చండి. పదును చూసుకోండి." ఒకామె, "నీ గొంతు వింటే ధైర్యంగా ఉంటుందమ్మా," అంది. థాంక్సండీ అన్నాను.

ఇంటికొచ్చేసరికి అన్నయ్య విత్తనాల బస్తాలు వాకిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. భోజనాల దగ్గర నేను పళ్ళెంలోకి చూస్తూ, "రేపు విత్తుతున్నావా?" అని అడిగాను.

"నువ్వే కదా, పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పావు," అన్నాడు.

"ఆగన్నయ్యా."

తినేవాడు ఆగి నా వైపు చూశాడు. మధ్యాహ్నం విన్నదంతా చెప్పాను.

వదిన వడ్డిస్తూ నిలబడిపోయింది. "ఆగాల్సింది మనమొక్కళ్ళమేనా, ఊరంతానా?" అంది.

"ఆఫీసు నుంచి ఇంకా అనుమతి రాలేదు వదినా. రేపో ఎల్లుండో వాళ్ళే చెబుతారు. ఈలోగా నా నోటి నుంచి బయటికి పొక్కిందని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది."

"టైలరమ్మత్తయ్య రేపే విత్తుతోంది. ట్రాక్టరు కూడా చెప్పుకుంది."

"ఆవిడకి చెబితే కుట్టుకొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ తెలిసిపోతుంది," అన్నాడు అన్నయ్య. "ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే? దీని పేరే కదా వస్తుంది."

వదిన నన్ను చూసింది, అన్నయ్యని చూసింది. గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మేము భోజనం పూర్తి చేశాం. నిజం చెప్పాలంటే నాకు తేలిగ్గానే అనిపించింది. మా వాళ్ళనైనా కాపాడుకున్నాను కదా అనుకున్నాను.

మర్నాడు గట్టుకి అవతల ట్రాక్టరు సాళ్ళు తోలుతోంది. టైలరమ్మ కొంగు బిగించి విత్తనాలు వేస్తోంది. అన్నయ్య ఇవతల ఊరికే నిలబడ్డాడు.

"ఏం అబ్బాయ్, చెల్లెలు చెప్పినా వినవా?" అని అరిచింది.

"నడుం పట్టేసింది పిన్నీ. వంగలేకపోతున్నాను."

"అయ్యో, నాది అవగానే ట్రాక్టరు నీ చేలోకి తోలమంటాను. విత్తనాలు నేనూ మీ ఆవిడా వేసేస్తాం. నువ్వు గట్టు మీద కూర్చో చాలు."

"వద్దులే పిన్నీ. తగ్గాక చూసుకుంటాను."

ఆ సాయంత్రం ఆవిడ సీసాలో నొప్పుల తైలం పోసుకుని ఇంటికొచ్చింది. నువ్వు రాయి, నేను చూస్తాను అని వదిన చేతికిచ్చి, అక్కడే కూర్చుంది. అన్నయ్య బోర్లా పడుకున్నాడు. లేని నొప్పికి వదిన తైలం రాసింది. "ఇంకొంచెం కిందికి," అని టైలరమ్మ చెబుతూ ఉంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

పైనుంచి మాట రేపూ రాలేదు, ఎల్లుండీ రాలేదు. ఊరంతా విత్తేశారు. మొలకలు వచ్చాయి, రెండాకులు విచ్చాయి, ఆ తర్వాత ఎండ. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. టైలరమ్మ బిందెలతో నీళ్ళు మోసి ఒక్కొక్క మొక్కకీ పోసింది. చేనంతటికీ ఎంతని పోస్తుంది? బస్సులో వెళ్ళేటప్పుడు నేను కిటికీ వైపు కూర్చోవడం మానేశాను. అటూ ఇటూ చేలల్లో మొలకలు ముందు వంగాయి, తర్వాత పసుపెక్కాయి, చివరికి చేత్తో నలిపితే పొడి అయ్యేట్టున్నాయి.

అప్పుడొచ్చింది పెద్దాఫీసు అనుమతి. "వానలు ఆలస్యమయ్యే సూచనలు ఉన్నాయి. రైతులు విత్తడం వాయిదా వేసుకోవాలి," అని చదవమన్నారు.

"ఇప్పుడు ఎందుకు సార్?" అని అడిగాను.

"వచ్చింది పంపించాలి కదమ్మా," అన్నారు సారు, నా మొహం చూడకుండా.

చదివాను. ఎండిన చేలల్లో నిలబడిన వాళ్ళ జేబుల్లో ఫోన్లు మోగాయి. మా ఊళ్ళో ఎవరూ నన్ను తిట్టలేదు. అదీ కష్టంగానే ఉంది. "పాపం, నువ్వేం చేస్తావులే, రాసిచ్చింది చదువుతావు," అన్నారు.

తర్వాత ఎప్పటికో వాన పడింది, ఈసారి నిజమైన వాన. మళ్ళీ విత్తుకోవాలంటే విత్తనాలు లేవు. కింది అంతస్తువాళ్ళని అడిగితే ఇంకో విడత వచ్చేదాకా ఆగాలన్నారు. ఊళ్ళో విత్తనాలున్నది మా ఇంట్లోనే. అన్నయ్య వాకిట్లో తన బస్తాలు చూస్తూ కాసేపు కూర్చుని, లేచి సగం పక్కకి తీసిపెట్టాడు.

"ఇవి పిన్నికిద్దాం. మనం సగం చేనులోనే వేసుకుందాం. మిగతాది పశువుల మేతకి వదిలేద్దాం," అన్నాడు. వదిన తలూపింది.

కబురు పెడితే టైలరమ్మ మెడలో టేపు అలాగే వేసుకుని వచ్చింది. బస్తా చూపించి తీసుకెళ్ళమంటే ముందు నమ్మలేదు. తర్వాత అరుగు మీద కూర్చుండిపోయింది.

"ఎవరిస్తారు అబ్బాయ్ ఈ కాలంలో. సొంత చేను ఖాళీగా పెట్టుకుని," అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వింది. "నీ నడుం నొప్పి మంచిదే అయింది. ఆ రోజు నువ్వూ విత్తి ఉంటే ఇవీ నావి లాగే మట్టిలో కలిసిపోయేవి. నీ నొప్పి మన ఇద్దరినీ కాపాడింది."

అన్నయ్య నేల చూస్తున్నాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఆయనకి నడుం నొప్పి రాలేదు అత్తయ్యా," అంది వదిన.

ఆ మాట మామూలుగానే అంది, బియ్యం నిండుకున్నాయి అన్నంత మామూలుగా. టైలరమ్మకి ఒక క్షణం అర్థం కాలేదు. వదిన మొహం చూసింది, అన్నయ్య మొహం చూసింది. కొలత తీసుకునేటప్పుడు చూసినట్టే ఎగాదిగా నన్ను చూసింది.

"నీకెప్పుడు తెలిసింది చిట్టీ?"

"నువ్వు విత్తే ముందు రోజు."

"ఆ రోజు సాయంత్రం నేను మీ వాకిట్లోంచే వెళ్ళాను. ట్రాక్టరు దొరికిందని చెప్పాను నీకు."

"చెప్పావు పిన్నీ."

ఇంకా ఏదో అడుగుతుందనుకున్నాను. అడగలేదు. బస్తా వైపు చూసింది. "విత్తనాలేం చేశాయిలే," అని లేచింది. అన్నయ్య బస్తా ఎత్తబోతే వద్దంది. తనే ఎత్తి నడుం మీద పెట్టుకుని, ఆగి ఆగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మేము ముగ్గురం ఆవిడ మలుపు తిరిగేదాకా చూశాం. అన్నయ్య వదినని ఒక్క మాట కూడా అనలేదు. వదినే, "తైలం రాసిన ఈ చెయ్యి చూసుకుంటే నాకు రోజూ అదే గుర్తొస్తోంది," అంది.

టైలరమ్మ ఎవరికీ చెప్పుకుంటూ తిరగలేదు. విత్తనాలెక్కడివని అడిగిన వాళ్ళకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. అది చాలు. టీ కొట్టు దగ్గర నన్ను చూసి పలకరించే వాళ్ళు మాట్లాడకుండా గ్లాసులోకి చూసుకునేవాళ్ళు. మా ఊళ్ళో ఒకరి చేలో ఒకరు బదులు పనికి వెళ్ళడం అలవాటు. ఆ ఏడు మా చేలో కలుపు తీయడానికి ఎవరూ రాలేదు. అన్నయ్య, వదిన ఇద్దరే తీశారు. ఆదివారాలు నేనూ వెళ్ళేదాన్ని. ఇంట్లో బట్ట చిరిగితే వదిన చేత్తోనే కుట్టుకునేది. ఆ కుట్లు వంకరటింకరగా ఉండేవి. ఇంకో టైలరు దగ్గరికి వెళదామని మాలో ఎవరూ అనలేదు.

ఆఫీసులో కంప్యూటర్ ఒక విషయం చూపిస్తుంది. ఎవరు ఎంతసేపు విన్నారు, ఎక్కడ పెట్టేశారు అని. మా ఊరివాళ్ళు "రైతులకు నమస్కారం" అన్న చోటే పెట్టేస్తున్నారు. కొన్నాళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళు కూడా అలాగే అయ్యాయి. పెద్దసారు తల గోక్కుని, "గొంతు పాతబడిందేమో. మార్చి చూద్దామా?" అన్నారు. నేను నా బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను.

మా మొక్కజొన్న మోకాలెత్తు పెరిగింది. ఒక ఆదివారం అన్నయ్య కలుపు తీస్తూ తీస్తూ ఆగిపోయాడు. ఆకుల మీద వరసగా చిల్లులు. మొక్క నడుమ చుట్టుకున్న లేతాకుల మొవ్వు విప్పి చూస్తే లోపల రంపపు పొట్టులా పురుగు రెట్ట, దాని కింద పురుగు. కత్తెర పురుగు. లేతగా ఉన్నప్పుడు మందు మొవ్వులో పడితే పోతుంది. ముదిరి లోపలికి దూరిందంటే ఏ మందుకీ లొంగదు, చేను చేనంతా ఊడ్చుకుపోతుంది.

అన్నయ్య ఆ మొక్క పీకి గట్టు దగ్గరికి వెళ్ళాడు. అవతల టైలరమ్మ వంగి పనిచేస్తోంది.

"పిన్నీ, మొవ్వులు చూసుకో. పురుగు పడింది."

ఆవిడ తలెత్తలేదు. ఇంకోసారి చెప్పాడు. వినబడుతోంది, కానీ వినదలుచుకోలేదు. పీకిన మొక్కని గట్టుకి అవతలి వైపు, ఆవిడ నడిచే దారిలో పెట్టి వచ్చేశాడు. మేము ఇంటికి బయలుదేరేటప్పుడు కూడా అది అక్కడే ఉంది. మర్నాడు పొద్దున అన్నయ్య వెళ్ళి చూస్తే లేదు.

సోమవారం నేను తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్ళాను. పురుగు సంగతి చెప్పాను. పై అంతస్తులో ఉన్న మేడమ్‌కి కూడా వాన లెక్కలు పంపే ఇంకో రెండు ఊళ్ళ నుంచి అదే కబురు వచ్చిందని చెప్పాను.

"పరిశోధన కేంద్రంవాళ్ళు నిర్ధారించాలి. ఆ కాగితం పెద్దాఫీసుకి వెళ్ళాలి," అని ఆయన మొదలుపెట్టారు.

"సార్, ఆ రోజు మేడమ్ మీకు చెప్పిన మాట నేను విన్నాను. సాయంత్రం ఇంటికెళ్ళి మా అన్నయ్యకి చెప్పాను. మా అన్నయ్య ఒక్కడే విత్తలేదు. ఊరందరికీ ఆ సంగతి తెలిసిపోయింది. అందుకే ఫోన్ పెట్టేస్తున్నారు. గొంతు పాతబడి కాదు."

సస్పెండ్ చేస్తారనే అనుకున్నాను. అయినా పరవాలేదనుకునే వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. దాన్ని కొంచెం అటు జరిపారు, ఇటు జరిపారు.

"తలుపు వెయ్యమ్మా," అన్నారు.

వేశాను.

"మా బావమరిది కూడా ఆ వారం విత్తలేదు," అన్నారు.

బయట ఫోన్లు మోగుతున్నాయి. ఆయన అంత వయసున్న మనిషి నా ముందు అలా కూర్చోవడం చూడలేక కిటికీ వైపు తిరిగాను. కాసేపటికి ఆయనే లేచి తలుపు తీసి, పైనున్న మేడమ్‌ని, కిందున్న విత్తనాల అధికారిని, మందుల సంగతి చూసే ఆయన్ని గదిలోకి పిలిపించారు. పరిశోధన కేంద్రానికి ఫోన్ కలిపి బల్ల మధ్యలో పెట్టారు. ఏళ్ళ తరబడి అదే భవనంలో పనిచేస్తున్నవాళ్ళు ఆ రోజు మొదటిసారి ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. కుర్చీలు చాలక మేడమ్ స్టూలు మీద కూర్చుంది. అక్కడి నుంచి ఆయన నోట సమన్వయం అన్న మాట నేను మళ్ళీ వినలేదు.

మందు పేరు, మోతాదు, ఎప్పుడు కొట్టాలి, అన్నీ తేలాక చదవాల్సింది నన్నే రాయమన్నారు. రాసి చూపించాను. మొదటి రెండు వాక్యాలు చూసి కలం తీశారు. "క్షమించండి" అన్న మాట కొట్టేశారు.

"శాఖ తరఫున క్షమాపణ చెప్పే అధికారం నాకు లేదమ్మా. జరిగింది జరిగినట్టు చెప్పు. దానికెవరి సంతకం అక్కర్లేదు."

మైకు ముందు కూర్చున్నాను. నమస్కారం తీసేశాను, అక్కడే పెట్టేస్తున్నారు కాబట్టి. "పోయినసారి విత్తమని చెప్పాం. ఆ రోజే మా మాట మారింది. మారిన మాట మీకు చెప్పలేదు. చేలు ఎండిపోయాక చెప్పాం. ఈసారి తెలిసిన రోజే చెబుతున్నాం. ఇప్పుడే చేలోకి వెళ్ళి మొక్కజొన్న మొవ్వులు విప్పి చూడండి." చదువుతుంటే గొంతు రెండుచోట్ల తడబడింది. మళ్ళీ చదవనా అని అడిగితే వద్దన్నారు.

ఆ సాయంత్రం బస్సు దిగి టైలరమ్మ వీధిలోంచి నడుస్తున్నాను. అటు వెళ్ళడం ఎప్పుడో మానేశాను, ఆ రోజెందుకో కాళ్ళు అటే తిరిగాయి. లోపల కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. ఫోన్ మోగింది. మిషను ఆగలేదు. ఫోన్ ఎత్తినట్టుంది, నా గొంతు వీధిలోకి వినబడింది. "పోయినసారి విత్తమని చెప్పాం." అప్పుడాగింది మిషను. నేను గోడ వారగా నిలబడ్డాను. నా గొంతు మాట్లాడుతూనే ఉంది, పురుగు, మందు, మొవ్వు, పొద్దుటి పూట. చివరిదాకా విన్నది. ఎంతకీ మిషను మళ్ళీ మొదలుకాకపోతే నేనే అక్కణ్ణుంచి కదిలాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ వీపున మందు డబ్బా కట్టుకుని చేలో ఉందని అన్నయ్య చెప్పాడు. ఊళ్ళో చాలామంది అదే పని చేశారట. అందరి చేలూ దక్కలేదు. ఆలస్యంగా విత్తినవి కొన్ని పూర్తిగా పోయాయి. బాగా దెబ్బతిన్న ఒకాయన ఊరు విడిచి పనికోసం వెళ్ళిపోయాడు. ఆయన మొదటిసారి విత్తే ముందు రోజు ఆఫీసుకి ఫోన్ చేసిన వాళ్ళలో ఉన్నాడో లేదో నాకు గుర్తులేదు. గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నిస్తే ఆ రోజు విన్న గొంతులన్నీ ఒకదాని మీద ఒకటి వస్తాయి.

కండెలు ఎండాయి. కోతల ముందు మళ్ళీ మబ్బు పట్టింది. ఇప్పుడు ప్రతి పొద్దునా ఆఫీసులో అందరూ ఆ బల్ల దగ్గరే కూర్చుంటున్నారు. ఆ రోజు మేడమ్ చాలాసేపు తెర వైపు చూసి, "తేల్చుకోలేకపోతున్నాను. వస్తే పెద్ద వానే వస్తుంది. రాకపోనూ వచ్చు," అంది. రికార్డు చేసేలోగా ఫోన్ చేసిన వాళ్ళకి అదే చెప్పమన్నారు సారు.

నా బల్ల మీద ఫోన్ మోగింది.

"ఆఫీసేనా?"

గుర్తుపట్టాను. "అవును పిన్నీ."

"కండెలు ఎండాయి. కోసెయ్యమంటావా, ఆగమంటావా?"

"వాన రావచ్చు, రాకపోవచ్చు. మేడమ్ కూడా తేల్చి చెప్పలేకపోతోంది. ఎండినవైతే కోసి లోపల పెట్టుకోవడమే మంచిదంటోంది. మధ్యాహ్నం మళ్ళీ చూసి చెబుతుంది."

"మీ అన్నయ్యకి ఏం చెప్పావు?"

"ఇంకా ఏం చెప్పలేదు. నువ్వే ముందు అడిగావు."

అవతల గాలి చప్పుడు, ఎండిన ఆకుల చప్పుడు వినిపిస్తున్నాయి. చేలోంచే మాట్లాడుతోంది.

"ఆ రోజు ఈ మాత్రం చెప్పి ఉంటే సరిపోయేది చిట్టీ. తేలలేదు అని చెప్పినా సరిపోయేది," అంది.

కోపంగా అనలేదు. నేనేదో అనబోయేలోగా ఫోన్ పెట్టేసింది. ఇంకో ఫోన్, ఇంకో ఫోన్, వరసగా వస్తూనే ఉన్నాయి. ఇంటికి ఫోన్ చేద్దామంటే తీరిక దొరకలేదు.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి వెళ్ళకుండా చేను వైపు వెళ్ళాను. అన్నయ్య, వదిన వంచిన నడుం ఎత్తకుండా కండెలు విరుస్తున్నారు. అప్పటికే సగం పైగా అయిపోయింది. గట్టుకి అవతల టైలరమ్మ తన కండెలు బస్తాలో నింపుకుంటోంది. ఇటు చూడలేదు.

"నేనింకా ఫోన్ చెయ్యనేలేదు. కొయ్యమని ఎవరు చెప్పారు?" అని అడిగాను.

"పిన్ని," అన్నాడు అన్నయ్య.

"ఎప్పుడు?"

"పొద్దున్నే. నీతో మాట్లాడి ఫోన్ పెట్టిందో లేదో గట్టు దగ్గరికి వచ్చింది. వాన సంగతి తేలలేదట, కోసుకోమని చెప్పింది. మీ చెల్లెలికి తీరిక ఉండదేమో, అందుకే చెబుతున్నానంది."

"ఇంకేం అనలేదా?"

అన్నయ్య చేతిలోని కండెని అటూ ఇటూ తిప్పి చూసి బస్తాలో వేశాడు.

"అంటే బాగుండేది," అన్నాడు.

నేను సంచీ గట్టు మీద పెట్టి, అన్నయ్య పక్క సాలులోకి దిగాను.